చిట్టెలుక అండం తట్టుకున్న సూది

సూది గుచ్చితే చిట్టెలుక అండం బతకదు. 1990ల మొదట్లో సూదితో శుక్రకణాన్ని అందులోకి ఎక్కించబోయిన వాళ్లకు ఎక్కువగా అదే అనుభవం. ఆ అండం అడ్డుకొలత సుమారు 80 మైక్రాన్లు. పైన గట్టి పొర, లోపల సాగే గుణమున్న పలుచని పొర. గాజుసూదితో తోస్తే లోపలి పొర సూదితోపాటు సాగి సాగి ఒక్కసారిగా చిరిగేది, లోపలున్నదంతా కారిపోయేది. మనిషి అండానికి ఓర్పు ఎక్కువ. అందుకే ఇక్కడ వరుస తిరగబడింది. ఏ వైద్యమైనా ముందు ఎలుక మీద, తర్వాత మనిషి మీద ప్రయత్నించడం ఆనవాయితీ. ఒకే ఒక్క శుక్రకణాన్ని పట్టుకుని అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతిలో మాత్రం మనుషుల పిల్లలే ముందు పుట్టారు. బ్రస్సెల్స్‌లో పలెర్మో బృందం 1992లో ఆ విజయాన్ని ప్రకటించింది. చిట్టెలుకలో ఆ పని కావడానికి 1995 వచ్చింది.

దాన్ని సాధించింది హవాయి విశ్వవిద్యాలయంలో ర్యూజో యనగిమాచి ప్రయోగశాల. జపాన్‌లో పుట్టిన ఈ శాస్త్రవేత్త జీవితమంతా అండం, శుక్రకణం కలిసే క్షణాన్నే పరిశీలించాడు. హ్యామ్‌స్టర్ అండంలోకి శుక్రకణపు కేంద్రకాన్ని సూదితో పంపే ప్రయోగం ఆయన 1976లోనే చేశాడు. చిట్టెలుక దగ్గర మాత్రం చేతి నేర్పు చాలలేదు, సూదే మారాల్సి వచ్చింది.

ఆ మార్పుకు ఆధారం స్ఫటికాల గుణం. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. అలాంటి స్ఫటికానికే కరెంటు ఇస్తే అది రవ్వంత సాగుతుంది. ఈ గుణాన్ని సూది వెనక అమర్చిందే పీజో పరికరం. కరెంటు తాకిన ప్రతిసారీ స్ఫటికం సాగి సూదిని కంటికి ఆననంత కొద్దిగా ముందుకు కొడుతుంది. గోడలోకి మేకు దిగాలంటే బలంగా తోయడం కన్నా సుత్తితో చిన్న దెబ్బలు వేయడమే మేలు కదా, ఇదీ అంతే. ఈ సూదికి మొన ఉండదు, కొస బల్లపరుపుగా ఉంటుంది. లోపల కొంచెం పాదరసం పోస్తారు. పైపొరకు చిన్న దెబ్బలతో రంధ్రం చేసి, సూదిని అండంలో బాగా లోపలికి దించి, అప్పుడు ఒక్క దెబ్బ వేస్తే సాగిన లోపలి పొర సున్నితంగా తెగుతుంది. యసుయుకి కిమురా, యనగిమాచి 1995లో ఇలా గుచ్చిన అండాల్లో సుమారు 80 శాతం బతికాయి. చిట్టెలుక శుక్రకణం అండం కంటే పొడవు కాబట్టి అదే సూది దెబ్బలతో తోక తెంచి తల ఒక్కటే లోపలికి పంపారు. పిల్లలు పుట్టాయి.

తోక లేకపోయినా పిల్లలు పుట్టాయంటే, తోక ఇంకా మొలవని కణం సంగతేమిటి?

చిట్టెలుక వృషణంలో ఒక శుక్రకణం తయారు కావడానికి దాదాపు 35 రోజులు పడుతుంది. మధ్యలో కణం రెండుసార్లు విభజన చెంది, 40 క్రోమోజోములు 20కి తగ్గుతాయి. అప్పుడు మిగిలే గుండ్రని కణమే స్పెర్మాటిడ్. దానికి తోక లేదు, ఈదలేదు, అండాన్ని ఛేదించలేదు. పండిన శుక్రకణపు రూపం రావడానికి ఇంకా రెండు వారాలు పడుతుంది. క్రోమోజోముల లెక్క సరిపోయినా ఒక అనుమానం మిగిలింది. తండ్రి నుంచి వచ్చే జన్యువుల మీద ఒక రకం గుర్తులు, తల్లి నుంచి వచ్చేవాటి మీద మరో రకం గుర్తులు ఉంటాయి. రెండూ తల్లివైపువే అయినా, రెండూ తండ్రివైపువే అయినా పిండం నిలవదని 1984 ప్రయోగాలు తేల్చాయి. మరి స్పెర్మాటిడ్ దశకే తండ్రి గుర్తులు పూర్తయ్యాయా? పిల్ల పుడితే తప్ప రుజువు లేదు.

1994లో అత్సువో ఒగురా, యనగిమాచితో కలిసి, స్పెర్మాటిడ్‌ను అండం పక్కన చేర్చి కరెంటు తాకిడితో రెండింటినీ కలిపేశాడు. మామూలు పిల్లలే పుట్టాయి. మరుసటి ఏడు పీజో సూది అదే పనిని ఇంకా నమ్మకంగా చేసింది. ఒక చిక్కును మాత్రం విడిగా పరిష్కరించాలి. పండిన శుక్రకణం నిద్రాణంగా ఉన్న అండాన్ని మేల్కొలిపే ప్రొటీన్‌ను మోసుకొస్తుంది; కార్డిఫ్ శాస్త్రవేత్తలు 2002లో దాన్ని గుర్తించారు. చిట్టెలుక స్పెర్మాటిడ్ ఆ పని చేయలేదు. అందుకే అండాన్ని కరెంటుతోనో స్ట్రాన్షియం ద్రావణంతోనో లేపాలి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచింది తర్వాతి మెట్టు. ఇంకా ఒక విభజన మిగిలే ఉన్న కణాన్ని కూడా కిమురా, యనగిమాచి అండంలోకి ఎక్కించారు. ఆ మిగిలిన విభజనను అండమే జరిపించి, ఎక్కువైన క్రోమోజోములను బయటికి నెట్టేసింది. తండ్రి వృషణంలో పూర్తికావాల్సిన పనిని తల్లి కణం పూర్తిచేసిందన్నమాట! రెండు విభజనలూ మిగిలిన కణంతో 1998లో పిల్లలు పుట్టినా, ఆ విజయాలు బహు కొద్ది.

సూది అక్కడితో ఆగలేదు. పెరిగిన ఎలుక కణం నుంచి 1997లో హోనొలులులో పుట్టిన తొలి క్లోన్ చిట్టెలుక క్యుములినా దీని పుణ్యమే. 2011లో యొకొహామాలో ఒగావా బృందం వృషణ కణజాలాన్ని గాజుపాత్రలో పెంచి, అందులో తయారైన కణాలను అండంలోకి ఎక్కించి పిల్లలను పుట్టించింది.

మనుషుల్లో మాత్రం ఇది ఇంత సాఫీగా సాగలేదు. టెసారిక్ బృందం 1995లోనే స్పెర్మాటిడ్‌తో ప్రయత్నించింది. కానీ గర్భాలు నిలిచినవి చాలా తక్కువ. వృషణంలోని రకరకాల గుండ్రని కణాల్లో స్పెర్మాటిడ్ ఏదో పోల్చుకోవడమే పెద్ద పని. జపాన్‌లో తనకా బృందం 2015లో పద్నాలుగు మంది, 2018 నాటికి 90 మంది పిల్లల వివరాలు ప్రచురించింది. అవి ఆశ కలిగించే ఫలితాలే. అంతకుముందే అమెరికా పునరుత్పత్తి వైద్య సంఘం మాత్రం దీన్ని ప్రయోగంగానే లెక్కించింది. అది సరైన జాగ్రత్తేనని నా అభిప్రాయం.

వీర్యంలో శుక్రకణాలు లేవని తేలిన దంపతులు ముందుగా వృషణంలో పండిన కణాలు దొరుకుతాయేమో వెతికించుకోండి. ఆ వైద్యం స్థిరపడింది. పండని కణంతో బిడ్డనిస్తామని ఎవరైనా అంటే, వాళ్ల చేతుల మీదుగా అలా ఎందరు పుట్టారో, ఆ పిల్లలు ఇప్పుడు ఎలా ఉన్నారో అడిగి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే డబ్బు కట్టండి.