ఏనుగు ఎదురైనపుడు

త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారమని ప్రసిద్ధి. ఇచటి నుండి పడమరగా పోయినచో నల్లమల అడవులు వచ్చును. వానిలో పులి, చిరుత, ఎలుగుబంటి ఉన్నవి గాని, అడవి ఏనుగులకు స్థిరనివాసము లేదు. కావున మన ప్రాంతము వారికి ఏనుగు అనగా మావటివాని మాట వినెడి సాధుజంతువుగనే తోచును. అడవి ఏనుగు అట్టిది కాదు.

మన రాష్ట్రములో అది అరుదైన జంతువు కూడ కాదు. 1980 తరువాతి సంవత్సరములలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి ఏనుగులు కుప్పము, పలమనేరు ప్రాంతములకు వచ్చినవి. వాని కొరకు 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. కొన్ని ఏనుగులు శేషాచలము కొండలకును చేరినవి. 2025 ఫిబ్రవరిలో, మహాశివరాత్రికి ముందు, ఓబులవారిపల్లె మండలములోని గుండాలకోన అడవిలో చీకటివేళ కాలినడకన పోవుచున్న భక్తులపై ఏనుగులు పడగా ముగ్గురు మరణించిరి. శివరాత్రికి అడవిదారి నడచెడి మనవారికి ఇది పరాయి వార్త కాదు.

ఏనుగు మనలను ఎట్లు గుర్తించును? దాని చూపు అంత చురుకైనది కాదు. ఘ్రాణశక్తి మాత్రము అమోఘము. వాసనలను గ్రహించు జన్యువులు మనుష్యునిలో సుమారు 400 ఉండగా, ఆఫ్రికా ఏనుగులో దాదాపు 2,000 ఉన్నవని 2014లో లెక్కించిరి. మన చెవికి అందని మంద్రధ్వనులతో ఏనుగులు దూరమునుండి ఒకదానితో నొకటి సంభాషించును కూడ. గాలి మన వైపు నుండి దాని వైపు వీచుచున్నచో, మనము దానిని చూచుటకు ముందే అది మనలను పసిగట్టును. గాలి ఎదురుగా ఉన్నచో ఇరువురము తెలియకయే దగ్గరపడుదుము. ప్రమాదమంతయు ఇందులోనే ఉన్నది.

తగినంత దూరమున్నచో ఏనుగు సాధారణముగా ముందు హెచ్చరించును. మేయుచు, చెవులు మెల్లగా విసరుకొనుచున్న ఏనుగు శాంతముగా ఉన్నదని తెలియవలెను. దాని చర్మమున స్వేదగ్రంథులు దాదాపు లేవు. చెవులలోని రక్తనాళముల ద్వారా వేడిని పోగొట్టుకొనును. ఆఫ్రికా ఏనుగు చెవులు మన ఏనుగు చెవులకంటె చాల పెద్దవి. మేత మాని, తొండమెత్తి మన వైపు వాసన పట్టినచో అది అనుమానించుచున్నదన్నమాట. తల పైకెత్తి, చెవులు చాచి నిలిచినచో, మట్టి చిమ్మినచో, అది బెదిరింపు. కొన్నిసార్లు నాలుగడుగులు పరుగెత్తి వచ్చి ఆగిపోవును. ఈ ఉత్తుత్తి దాడికిని నిజమైన దాడికిని భేదము మనము కనిపెట్టగలమని నమ్మి నిలువరాదు. కన్నునకు, చెవికి నడుమ చెంపపై మదజలము కారుచున్న మగ ఏనుగు వద్దకును, పిల్ల వెంటనున్న తల్లి వద్దకును అసలే పోరాదు.

ఏనుగు గంటకు 25 కిలోమీటర్ల వేగముతో నడువగలదని 2003లో కొలిచిరి. అనగా 35 మీటర్ల దూరము దానికి ఐదు క్షణముల పని. పరుగుపందెములో మనము గెలువలేము. కావున ముందు జాగ్రత్తయే రక్ష. ఏనుగులు తిరుగు చోట చీకటిలో నడువరాదు. చిటికెడు దుమ్ము వదలి గాలివాలు చూచుకొనవలెను. దూరమున కనబడగనే అరవక, రాళ్లు రువ్వక, ఫొటోలకై ఆగక, దాని దారి విడిచి వెనుకకు మరలవలెను. తల్లికి, పిల్లకు నడుమ ఎన్నడును చేరరాదు.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయవనములో సందర్శకులు, నిర్ణీత స్థలములలో తప్ప, వాహనము దిగరాదను నియమమున్నది. అక్కడ సైతము వాహనమును దూరముగా నిలిపి, హారను మ్రోగింపక, ఏనుగునకు దారి విడువవలెను. మన ఘాట్ రోడ్లకును ఈ నియమమే తగును.

ఇంకొక విషయము. కెన్యాలోని అంబోసెలిలో మసాయి జాతివారు అప్పుడప్పుడు ఏనుగులను ఈటెలతో పొడుచుచుండెడివారు. వ్యవసాయము చేయు కంబా జాతివారితో వానికి అంత భయము లేదు. మసాయి పురుషుల కంఠధ్వనిని వినిపించినపుడు ఏనుగులు దగ్గరగా గుమిగూడి వెనుకకు తగ్గినవనియు, కంబా పురుషుల కంఠమునకు అంతగా బెదరలేదనియు 2014లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. స్త్రీల, బాలుర కంఠములకు కూడ అంత భయపడలేదు. అనగా ఏ మనుష్యులు అపకారులో ఏనుగు నేర్చుకొని జ్ఞాపకముంచుకొనును. టపాకాయలతో, రాళ్లతో, కరెంటు తీగలతో నేడు మనము దానికి చెప్పుచున్న పాఠము, రేపు ఆ దారిని నడచెడి యాత్రికుని మీదికి తిరిగి రాగలదు. అడవిలో దానికి దూరము ఇచ్చుట మర్యాద మాత్రమే కాదు. మన ప్రాణరక్షణ కూడ.