హర్మూజ్‌లో పొగ, హిందూపురంలో పుకారు: అపోహలు – వాస్తవాలు

గల్ఫ్‌లో ఏదో నౌక మీద దాడి జరిగిందని టీవీలో వస్తే చాలు, ఊరి బంకుల దగ్గర బైకులు బారులు తీరతాయి. ఇరాన్‌కూ ఒమన్‌కూ నడుమ ఇరుకైన చోట 33 కిలోమీటర్లుండే హర్మూజ్ జలసంధి గుండా 2024లో రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు సాగింది. ప్రపంచం వాడే చమురులో అది ఐదో వంతు. భయం ఉత్తిదేమీ కాదు. ఆ భయం బంకు దగ్గర పడటమే పొరపాటు.

అపోహ: అక్కడ బాంబు పడితే తెల్లారేసరికి పెట్రోలు రేటు పెరుగుతుంది.

రేట్లు రోజూ మారాలన్నది 2017 జూన్ 16 నుంచి ఉన్న నియమం. ఆచరణ వేరు. ఉక్రెయిన్ యుద్ధంతో 2022 మార్చిలో బ్రెంట్ ముడిచమురు ఒక దశలో బ్యారెల్ 139 డాలర్లకు ఎగబాకింది. మన బంకుల్లో 2021 నవంబరు 4 తర్వాత స్తంభించిన రేటు, ఐదు రాష్ట్రాల ఎన్నికలు ముగిశాక మార్చి 22న గానీ కదల్లేదు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ కొట్టుకున్నప్పుడు బ్యారెల్ 80 డాలర్ల దగ్గరికి పోయి, కాల్పుల విరమణతో 70 దిగువకు వచ్చేసింది. అది పెరిగినప్పుడు మన రేటు పెరగలేదు, తగ్గినప్పుడూ తగ్గలేదు.

బంకు రేటును తేల్చేది గల్ఫ్ ఒక్కటే కాదన్న సంగతి హిందూపురం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. గౌరీబిదనూరు వైపు కర్ణాటక హద్దు దాటితే పెట్రోలు లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. రెండు వైపులా చమురు వచ్చేది ఒకే సముద్రం మీదుగా. మన రాష్ట్రం 31 శాతం వ్యాట్ వేసి, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు కింద మరో రూపాయి కలుపుతుంది. బంకు బోర్డు మీద హర్మూజ్ కన్నా బెంగళూరు, అమరావతి ఎక్కువ కనిపిస్తాయి.

అపోహ: రష్యా చమురు ఉందిగా, మనకేం?

2022కు ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం లోపే. 2023–24కు మూడో వంతు దాటింది. అది హర్మూజ్ గుండా రాదు, నిజమే. కానీ దాని ధరా బ్రెంట్‌ను చూసే కదులుతుంది. పైగా వంటగ్యాస్‌కు రష్యా దిక్కు కాదు. ఇటీవలి ఏళ్లలో మనం వాడిన ఎల్పీజీలో దాదాపు 60 శాతం దిగుమతే, అందులో సింహభాగం గల్ఫ్ దేశాలది.

అపోహ: విశాఖ కొండ కింద నెలలకు సరిపడా నిల్వ ఉంది.

విశాఖ, మంగళూరు, పాడూరు భూగర్భ గుహలను నిండా నింపితే 53.3 లక్షల టన్నుల ముడిచమురు పడుతుంది. దేశానికి తొమ్మిదిన్నర రోజులు. కంపెనీల నిల్వలూ కలిస్తే రెండు నెలలు దాటి నెట్టుకు రావచ్చు. గ్యాస్ లెక్క వేరు. విశాఖలోనే ఉన్న ఎల్పీజీ గుహలో పట్టేది 60 వేల టన్నులు. దేశం రోజుకు 80 వేల టన్నులకు పైగా మండిస్తోంది. గుహ మొత్తం తోడేసినా ఒక్క రోజు గడవదు.

ఇంటి సిలిండరు రేటు చూసి ఇదేమీ పసిగట్టలేం. దాన్ని ప్రభుత్వమే పట్టి ఉంచుతుంది. అర్హులకు దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచితం కూడా. 19 కిలోల వాణిజ్య సిలిండరు రేటును మాత్రం ప్రతి నెలా ఒకటో తేదీన సవరిస్తారు. పెనుకొండ హైవే పక్కన హోటలు నడిపేవాళ్లను అడగండి, గల్ఫ్ సంగతులు వాళ్లే చెబుతారు.

అపోహ: కరెంటు పోతుంది, బోర్లు ఆగుతాయి.

ఆగవు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుది, గ్యాస్ వాటా చాలా చిన్నది. మన జిల్లా ఎన్‌పీ కుంటలోనే పెద్ద సోలార్ పార్కు ఉంది.

అపోహ: విడిభాగాలు రాక కియా మూతపడుతుంది.

కొరియా ఓడలు వచ్చేది మలక్కా వైపు నుంచి. చిక్కు ఎగుమతులకు. ఎర్రమంచి కియా ప్లాంటులో తయారైన కారు దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవు చేరాలంటే హర్మూజ్ దాటాల్సిందే. ఓడ వెనుదిరగడానికి సముద్రంలో మందుపాతరే ఉండాలని లేదు, యుద్ధ బీమా ప్రీమియం చాలు. 1984–88 నాటి ఇరాన్–ఇరాక్ ట్యాంకర్ల యుద్ధంలో వందల నౌకలు దెబ్బతిన్నా చమురు రవాణా ఆగలేదు. బీమా, కిరాయి మాత్రం తడిసి మోపెడయ్యాయి.

అపోహ: పట్టుచీరకూ ఈ గొడవకూ సంబంధం లేదు.

పట్టుపురుగు మేసే మల్బరీ ఆకు దగ్గర మొదలుపెడదాం. దానికి యూరియా కావాలి. మన యూరియా కర్మాగారాలు నడిచేది సహజవాయువుతో. అందులో సగానికి పైగా ఓడల్లో వచ్చే ద్రవరూప వాయువు, దాన్ని మనకు అందరికన్నా ఎక్కువగా అమ్మేది ఖతార్. సౌదీ చమురుకైతే ఎర్రసముద్రం ఒడ్డున యాన్బూ దాకా పైపులైను ఉంది. ఖతార్ ఓడకు హర్మూజ్ తప్ప మరో దారి లేదు.

45 కిలోల యూరియా బస్తా రూ.266.50. ఆ రేటు కదలదు, పెరిగిన భారం కేంద్రం సబ్సిడీ మీద పడుతుంది. రేటు కదలకుండా సరుకు తగ్గితే ఏమవుతుందో మడకశిర రైతుకు తెలుసు: సొసైటీ ముందు చెప్పుల వరుస, బస్తాతో పాటు అక్కర్లేని మందు డబ్బా అంటగట్టడం. ఇదంతా నెలల మీద జరిగే పని, అప్పటికి టీవీ మరో యుద్ధంలో ఉంటుంది. ఆకులో సత్తువ లేకపోతే గూడు తేలిపోతుంది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో అలాంటి గూళ్లు కొన్న రీలరుకు కిలో దారం తీయడానికి మరిన్ని గూళ్లు పడతాయి. ఆ తేడా ధర్మవరంలో చీర నేసేవాళ్లు దారం కొనేటప్పుడు లెక్కలోకి వస్తుంది.