కౌలాలంపూర్ యాత్రలో ఒక రోజు మనవాళ్ళది

విదేశయాత్ర అంటే ఒకప్పుడు మధ్యతరగతి సంసారికి కాశీయాత్రకంటె పెద్దమాట. ఇప్పుడా బెదురు తగ్గింది. ఎర్రగడ్డలో ఉండే మేము విశాఖపట్నం వెళ్ళాలంటే రైల్లో ఒక రాత్రంతా గడపాలి. శంషాబాదులో నేరుగా వెళ్ళే విమానం ఎక్కితే సుమారు నాలుగు గంటల్లో మలేషియా రాజధాని కౌలాలంపూర్‌లో దిగవచ్చు. అయినా నెలరోజులుగా మా ఇంట్లో సాగుతున్న చర్చలు వింటే, చంద్రమండలానికి బయలుదేరుతున్నామా అని ఇరుగుపొరుగువారికి అనుమానం వస్తుంది.

మేము అయిదుగురం: అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను. దసరా సెలవుల్లో నాలుగు రోజుల యాత్ర. మా ఇంటికి ఫిల్మ్‌నగర్ ఎంతో దూరం లేదు. ఆ గాలి సోకిందో ఏమో, మా పిల్లల దృష్టిలో విదేశమంటే సినిమాలో కనిపించేదే. 2009లో వచ్చిన ‘బిల్లా’ను చాలాభాగం మలేషియాలోనే తీశారట గదా, ఆ మేడలన్నీ చూడవలసిందేనని పట్టుబట్టారు.

ముందుగా కాగితాల సంగతి. మనదేశపు పాస్‌పోర్టు ఉన్నవారికి మలేషియా ప్రభుత్వం 2023 డిసెంబరు 1 నుంచి, 30 రోజుల వరకు వీసా అక్కర లేదన్నది. ఆ వెసులుబాటును తరువాత 2026 చివరిదాకా పొడిగించారు. గడువుతో కూడిన అనుగ్రహం గనుక, టిక్కెట్లు కొనేముందు ఒకసారి విచారించుకోవడం వివేకం. పాస్‌పోర్టుకు ఇంకా ఆరునెలల ఆయుర్దాయం ఉండాలి. దిగే రోజుకు ముందు మూడు రోజులలోపు ఇంటర్నెట్‌లో రాక పత్రం ఒకటి నింపాలి. దానికి రుసుము లేదు; ఎవరైనా డబ్బడిగితే అది అసలు చోటు కాదన్నమాట.

అక్కడి గడియారం మనకంటె రెండున్నర గంటలు ముందుంటుంది. నాణెం పేరు రింగిట్. కరెంటు ప్లగ్గులకు నలుచదరపు మూడు పుల్లలు ఉంటాయి. మన ప్లగ్గు అందులో దూరదు. దానికి కావలసిన అడాప్టరు కోసం నేను ఎర్రగడ్డ ఆదివారం సంతంతా గాలించి, చివరకు కొత్తదే కొన్నాను. గొడుగు మరువకూడదు. ఏడాది పొడుగునా అక్కడ ఉక్కా ఉంటుంది, వానా ఉంటుంది. మధ్యాహ్నం దాటగానే ఉరిమి కురవడం మామూలు.

ఇక చూడవలసినవి. క్లాంగ్, గొంబాక్ అనే రెండు నదులు కలిసేచోట 1857లో తగరపు గనుల కోసం వచ్చినవారు వేసుకున్న గుడిసెలే ఈ నగరానికి మొదలు. కౌలాలంపూర్ అంటే బురదనీళ్ళ సంగమమని అర్థం. ఆ సంగమం దగ్గరే 1909 నాటి జామెక్ మసీదు ఉన్నది. ప్రభుత్వ కచేరీలు 1999 నుంచి పుత్రజయకు తరలినా, రాజధాని హోదా మాత్రం దీనిదే. పెట్రోనాస్ జంట గోపురాలు 452 మీటర్లు, 88 అంతస్తులు. 41, 42 అంతస్తుల దగ్గర రెంటినీ కలుపుతూ వంతెన. వీటిని మించిపోయిన మెర్డేకా 118 భవనం 678.9 మీటర్లు. ఎత్తులో ప్రపంచంలో దానిది రెండవ స్థానం.

ఊరికి ఉత్తరాన బటు గుహలు. 2006లో ప్రతిష్ఠించిన 42.7 మీటర్ల బంగారువన్నె సుబ్రహ్మణ్యస్వామి గుహ ముందు నిలబడి ఉంటాడు. పైకి 272 మెట్లు. ఎర్రగడ్డ మెట్రోస్టేషనులోనే లిఫ్టు ఎక్కడుందని వెతికే మా అమ్మ ఆ సంఖ్య విని, “స్వామి కిందనే అంత పెద్దగా నిలబడ్డాడు గదా, అక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకుంటాను” అన్నది. ఆ సమస్య అలా తీరింది.

తీరనిది నాలుగో రోజు సమస్య. పిల్లలు ఆ రోజును జెంటింగ్ కొండకు రాసుకున్నారు. మబ్బుల్లోకి తీగమీద పోయే బండి, పైన ఆటలపార్కు. మా ఆవిడ బుకిత్ బింతాంగ్ బజారు కావాలన్నది. అప్పటిదాకా కాఫీ తాగుతూ కూర్చున్న అమ్మ నెమ్మదిగా అడిగింది: “మలయా అంటే ఇదేనా నాయనా?”

అమ్మది శ్రీకాకుళం జిల్లా పల్లెటూరు. ఆమె తాతగారి తమ్ముడొకాయన చిన్నతనంలోనే మలయా తోటలకు వెళ్ళిపోయాడు. అప్పుడప్పుడు ఉత్తరం, పది రూపాయలు వచ్చేవట. యుద్ధం వచ్చాక ఉత్తరాలు ఆగిపోయాయి. ఆయన తల్లి బతికినన్నాళ్ళూ, టపావాడు వీధిలోకి వస్తే గుమ్మంలోకి వచ్చి నిలబడేదట. అమ్మకు ఇది విన్న కథే. కాని చెబుతుంటే తాను చూసినట్లే ఉంటుంది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరినుంచి విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల మనుషులు వేలకొద్ది మలయా వెళ్ళారు. మద్రాసు, నాగపట్నం రేవుల్లో ఓడల పైతట్టున కిక్కిరిసి కూర్చుని పినాంగులో దిగేవారు. కంగాణీలు వారిని రబ్బరు, కొబ్బరి తోటలకు చేర్చేవారు. చల్లదనం ఉండగానే రబ్బరుపాలు బాగా కారుతాయి గనుక, తెల్లవారకముందే చెట్లకు గాట్లు పెట్టాలి. ఇటువంటి కూలీల వలసను 1938లో మన ప్రభుత్వం ఆపింది. 1942లో జపానువారు మలయాను పట్టుకున్నారు. సయాం, బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయడానికి తోటల్లోని మనవాళ్ళను కూడా తోలుకుపోయారు. తిరిగి రానివారు ఎందరో. అమ్మ వాళ్ళ చిన్నతాత వారిలో ఒకడో, తోటలోనే కాపురం పెట్టి మనుమలనెత్తాడో, చెప్పగలవారు మా వంశంలో ఎవరూ లేరు.

అయితే తెలుగు అక్కడ మాసిపోలేదు. 1955లో ఆంధ్ర సంఘంగా పుట్టినదే నేటి మలేషియా తెలుగు సంఘం. పిల్లలకు తెలుగు నేర్పుతారు, ఉగాది చేస్తారు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగితే, 1981లో రెండవవి జరిగినది కౌలాలంపూర్‌లోనే. ఆ నగరానికి వాయవ్యంగా, కారులో రెండుమూడు గంటల దూరాన, సముద్రపుటొడ్డున కొబ్బరితోటల మధ్య బాగాన్ దతో అనే ఊరున్నది. ఆ చుట్టుపట్ల తోటల్లో మనవాళ్ళు తరతరాలుగా ఉంటున్నారు.

ఈ సంగతులు చెప్పగానే అమ్మ అన్నది: “మేడలు మీరు చూసి రండి. నాకు మాత్రం ఆ తోటలో మనవాళ్ళింట్లో ఒక పూట కూర్చుని, నాలుగు మాటలు వినాలని ఉన్నదిరా.”

చిన్నతాత సంతతి దొరుకుతుందన్న భ్రమ నాకు లేదు. మలేషియాలో మనవాళ్ళ పేర్లు ‘ఫలానావారి కొడుకు’ అని తండ్రిపేరుతో నమోదవుతాయి. ఇంటిపేరు పట్టుకుని వెతకడమంటే, చెరిగిన ముగ్గులో చుక్కలు లెక్కపెట్టడమే. అయినా ఆయన పేరు, తండ్రిపేరు, ఊరిపేరు ఒక కాగితంమీద తెలుగులోను ఇంగ్లీషులోను రాసి, వస్తున్నామని సంఘంవారికి ముందుగా ఉత్తరం వేశాను. తీరా వెళ్ళి తలుపు తట్టడంకంటె అదే మర్యాద.

పిల్లలు రెండు రోజులు మూతులు ముడుచుకున్నారు. మూడోనాడు మా అమ్మాయే పథకం కాగితంమీద జెంటింగ్ కొట్టివేసి, “బాగాన్ దతో, నాన్నమ్మది” అని రాసింది. అబ్బాయి మాత్రం అక్కడ కొబ్బరినీళ్ళు ఎన్ని కాయలైనా తాగవచ్చునా అని షరతు పెట్టాడు. మా ఆవిడ బజారు మూడోనాటి సాయంత్రానికి కుదించుకున్నది.

కౌలాలంపూర్ వెళ్ళదలచిన పాఠకులకు నేను చెప్పేది ఇంతే. గోపురాలు చూడండి, గుహలు చూడండి, కొబ్బరిపాలతో వండిన నాసీ లెమాక్ రుచి చూడండి. ఒక రోజు మాత్రం మనవాళ్ళకోసం మిగల్చండి. అక్కడికి వెళ్ళేటప్పుడు చేతిలో మిఠాయిపెట్టెకంటె తెలుగు వాచకాలు నాలుగు ఉంటే మంచిదని నాకు తోచింది. మా పెట్టె అడుగున, అమ్మ చీరల కింద, అవి ఇప్పటికే చేరాయి. విమానంవారు ఇచ్చే బరువులో అవి రెండు కిలోలు తింటాయి. అందుకు అమ్మ తన చీరల్లో మూడు తీసి బీరువాలో పెట్టేసింది.