పొయ్యి పాలయ్యే ముక్కలతో కొయ్యగిన్నె

తిరువళ్లూరు, తిరుత్తణి పరిసర గ్రామాల వడ్రంగుల వద్ద ద్వారబంధాలు, తలుపులు చేయగా మిగిలిన టేకు, వేప ముక్కలు చాలావరకు పొయ్యిలోకే పోతుంటాయి. జానెడు పొడవైనా లేని ఆ ముక్కలను వలయాలుగా అతికి, లేత్ యంత్రంపై త్రిప్పుతూ ఉలితో చెక్కితే చక్కని గిన్నె రూపొందుతుంది. కొయ్యను ఇలా త్రిప్పి చెక్కే పనిని తమిళంలో ‘కడైసల్’ అంటారు. అందుకు వాడే సాధనానికి తెలుగు పేరు ‘తరిమెన’. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసిన తిరుత్తణి ప్రాంతపు తెలుగు పిల్లలకు ఈ రెండు మాటలూ తెలిసి ఉండటం మంచిది.

తెలుగునాట ఈ విద్యకు ప్రసిద్ధి చెందిన గ్రామం అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక. అక్కడి కళాకారులు మెత్తని అంకుడు కర్రను త్రిప్పి చెక్కి, లక్క రంగులద్ది బొమ్మలు చేస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పనిలో కర్రను నేరుగా యంత్రానికి ఎక్కిస్తారు. ముక్కల గిన్నెకు మాత్రం చెక్కడానికి ముందే లెక్క అవసరం.

ఒక వలయానికి 12 ముక్కలు అనుకుందాం. వృత్తం 360 డిగ్రీలు గనుక ఒక్కొక్క ముక్క వంతు 30 డిగ్రీలు. అంటే ముక్క రెండు కొనలనూ 15 డిగ్రీల చొప్పున ఏటవాలుగా కోయాలి. 20 సెంటీమీటర్ల వ్యాసం కావాలంటే ముక్క వెలుపలి అంచు దాదాపు 5.4 సెంటీమీటర్లు ఉండాలి. ప్రతి కోతలో అర డిగ్రీ తగ్గినా అల్పంగానే తోస్తుంది. కాని 24 కోతలకు అది 12 డిగ్రీలై వలయం కలవకుండా నిలిచిపోతుంది. అందుకే ఆరేసి ముక్కలతో రెండు అర్ధవలయాలు అతికి, వాటి కొనలను చదునైన పలకపై పరచిన గరుకు కాగితం మీద రుద్ది సరిచేసి, ఆ తరువాతే రెండింటినీ కలపాలి.

వలయాలను పేర్చేటప్పుడు ఇటుక గోడలో వలె పై ముక్క నడుమభాగం క్రింది అతుకు మీదికి రావాలి. కొయ్య బాగా ఆరి ఉండాలి. పచ్చికొయ్య ఆరుతూ కుంచించుకుపోతే అతుకులు విడిపోతాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే వానలలో కొయ్య తేమను పీలుస్తుంది గనుక ముక్కలను పొడి గదిలో భద్రపరచాలి.

జిగురు ఒక పూర్తి రోజు ఆరనిదే గిన్నెను యంత్రానికి ఎక్కించరాదు. సరిగా అతకని ముక్క రాయివలె ఎగిరి ముఖానికి తగులుతుంది. తక్కువ వేగంతో మొదలుపెట్టడం, ముఖకవచం ధరించడం, ధూళి పీల్చకుండా ముక్కుకు మాస్కు కట్టుకోవడం తప్పనిసరి. చీర కొంగు, వదులు చేతుల చొక్కా యంత్రం దరికి రాకూడదు.

ఈ గిన్నె పండ్లకు, పూలకు యోగ్యం. వేడి సాంబారుకు, నీరు నిలువ ఉంచడానికి కాదు. బడిలో కోణమానినితో గీసే 15 డిగ్రీల గీత ఎందుకు పనికివస్తుందని అడిగే పిల్లలకు దీనిని చేతికిచ్చి, అతుకులు లెక్కించమంటే చాలు.