వికలాంగులకు కౌన్సెలింగ్ (సింగరేణి ప్రాంతం)

శారీరక వైకల్యంతో గాని, దృష్టి లేదా వినికిడి లోపంతో గాని జీవిస్తున్న వ్యక్తి తన పరిస్థితిని తానే అర్థం చేసుకొని, తన నిర్ణయం తానే తీసుకొనుటకు శిక్షణ పొందిన సలహాదారు తోడ్పడే ప్రక్రియను వికలాంగులకు కౌన్సెలింగ్ అంటారు. ఇది ఉపదేశం కాదు, ఉత్త ఓదార్పూ కాదు. పెద్దపల్లి జిల్లాలో రామగుండం, గోదావరిఖని, రామగిరి పరిసరాల బొగ్గుగనుల ప్రాంతంలో వైకల్యం తరచుగా ఉద్యోగ సమస్యతో ముడిపడి ఉంటుంది. కనుక ఇక్కడి సలహాదారుకు మనస్తత్వశాస్త్రంతో పాటు గని జీవితం కూడా తెలియాలి.

మూల భావన

అమెరికా మనస్తత్వవేత్త బియాట్రిస్ రైట్ 1960లో ప్రచురించిన గ్రంథంలో "వ్యాప్తి" అనే భావనను వివరించారు. ఒక అవయవ లోపాన్ని చూసి మనిషి మొత్తానికి లోపమున్నట్లు భావించడమే వ్యాప్తి. చక్రాల కుర్చీలో ఉన్న వ్యక్తిని వదిలి, వెంట వచ్చినవారిని "ఈయనకు టీ కావాలా?" అని అడగడం దీనికి ఉదాహరణ. సలహాదారు కూడా ఈ పొరపాటుకు అతీతుడు కాడు. వికలాంగుని ప్రతి బాధకూ వైకల్యమే కారణమనుకోరాదు. అతడు అప్పుల గురించో, కూతురి పెళ్ళి గురించో మాట్లాడటానికి వచ్చి ఉండవచ్చు.

గని ప్రాంతపు పరిస్థితి

గని పైకప్పు కూలుట, యంత్ర ప్రమాదాలు వెన్నెముకకు, కాళ్ళుచేతులకు శాశ్వత హాని కలిగించగలవు. యంత్రాల మోత వలన వచ్చే చెవుడు నెమ్మదిగా వస్తుంది. మొదట హెచ్చు పౌనఃపున్యపు శబ్దాలు వినబడవు. అందుచేత మాట చెవిన పడుతుంది గాని స్పష్టంగా తెలియదు. ఇంట్లోవారు దీనిని నిర్లక్ష్యమనుకుంటారు. కలహాలు పెరిగిన తరువాత గాని అసలు కారణం బయటపడదు.

సింగరేణిలో వైద్య మండలి పనికి అనర్హుడని తేల్చిన కార్మికుని స్థానికంగా "అన్‌ఫిట్" అయ్యాడంటారు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత వైద్య కారణాలపై వారసునికి కారుణ్య నియామకం ఇచ్చే పద్ధతి సాగింది. చిక్కంతా ఇక్కడే ఉంది. తండ్రికి బాయి పని పోవడం, కొడుకుకు మస్టరు పడటం ఒకే కాగితంతో జరుగుతాయి. ఇల్లంతా సంతోషిస్తున్నప్పుడు, ఇన్నేళ్ళు బాయిలో దిగిన మనిషి తన దుఃఖాన్ని ఎవరితో చెప్పుకొంటాడు? అందుచేత మొదటి సమావేశం కుటుంబసభ్యులు లేకుండా జరపడం మేలు.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 లోని 20వ సెక్షను ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగిన వ్యక్తిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పనికి తగనివాడైతే అదే వేతన శ్రేణిలో మరొక పనికి మార్చాలి. ప్రభుత్వ కంపెనీలు కూడా ఈ నిర్వచనంలోకి వస్తాయి. అయితే తగిన ప్రభుత్వం కొన్ని సంస్థలకు మినహాయింపు ఇవ్వవచ్చు. ఏ దారి ఎంచుకోవాలో సలహాదారు చెప్పరాదు, కాని అన్‌ఫిట్ ఒక్కటే దారి కాదని తెలియజేయడం అతని బాధ్యత.

సంభాషణా పద్ధతి

వినికిడి లోపమున్నవారి ఎదుట, ముఖంపై వెలుగు పడేలా కూర్చొని మాట్లాడాలి. అరవడం వలన ప్రయోజనం లేదు. సంజ్ఞా భాష వాడేవారికి అనువాదకుని ఏర్పాటు చేయాలి. కొడుకునో కోడలినో ఆ పనికి పెడితే గోప్యత నిలవదు. చూపు లేనివారికి గదిలో ఎవరెవరున్నారో ముందే చెప్పాలి, లేచి వెళ్ళేటప్పుడు కూడా చెప్పాలి. "వికలాంగులు", "దివ్యాంగులు" అనే పదాలలో ఎదుటివారు తమకు ఏది వాడుకుంటే దానినే వాడటం మర్యాద.

2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవ ద్వారా 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులో ఉచితంగా మానసిక సలహా పొందవచ్చు. అయితే వినికిడి లోపమున్నవారికి ఫోను సేవ పెద్దగా ఉపకరించదు. వారు జిల్లా ఆసుపత్రిలో స్వయంగా సంప్రదించడమే అనుకూలం.