వాన సెలవు నోటీసు ఎందుకు చేరలేదు? మన బడి సైటు, దాని ప్లగిన్ల సంగతి

పోయిన వానాకాలంలో ఒక రాత్రి వాన గట్టిగా పట్టుకుంటే మర్నాటికి బడికి సెలవు ఇచ్చాం. రాత్రే మన సైటులో నోటీసు పెట్టి, లింకును క్లాసు గ్రూపులన్నిటికీ పంపాం. అయినా పొద్దున కొందరు పిల్లలు గొడుగులు పట్టుకుని మూసిన గేటు ముందు నిలబడ్డారు. ఒక అమ్మ అక్కడికక్కడే ఫోను తీసి చూపించింది. "లింకు వచ్చింది సార్, కానీ చూడండి, అంతా శాతం గుర్తులూ అంకెలే. బ్యాంకు పేరుతో వచ్చే దొంగ లింకులా ఉంది. అందుకే ముట్టుకోలేదు."

ఆవిడ తప్పేం లేదు. తెలియని లింకు నొక్కకండి అని ప్రతి మీటింగులో చెప్పేది మేమే కదా.

ఆ రోజు నుంచి సైటును మొదటి నుంచి చివరి దాకా చూసుకుంటూ వచ్చాం. ఏం కనిపించింది, ఏం మార్చాం, ఏం తీసేశాం అనేది మీకు చెప్పడానికే ఈ వ్యాసం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కూడా చదవండి, మధ్యలో ఒక లెక్క ఉంది.

మన సైటు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంది. 2003లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. కోడు రాయడం రాని టీచరు కూడా లాగిన్ అయి, నోటీసు టైపు చేసి, బటన్ నొక్కి ప్రచురించొచ్చు. మనం నోటీసుకు పెట్టిన శీర్షిక నుంచే ఆ పేజీ చిరునామా దానంతట అదే తయారవుతుంది. చిక్కు వచ్చింది అక్కడే. వెబ్ చిరునామాలో ఇంగ్లీషు అక్షరం ఒక్క స్థానమే తీసుకుంటుంది. తెలుగు అక్షరం కంప్యూటర్లో మూడు బైట్లు. చిరునామాలోకి వచ్చేసరికి ఒక్కో బైటు ఒక శాతం గుర్తూ (%) దాని పక్కన మరో రెండు గుర్తులూ అయిపోతుంది. అంటే తెలుగు గుర్తు ఒక్కటి తొమ్మిది స్థానాలు తింటుంది. గుణింతపు గుర్తులకు లెక్క విడిగా ఉంటుంది. 'సె' మనకు ఒక అక్షరమే, కంప్యూటరుకు మాత్రం 'స' ఒకటి, ఎత్వం ఒకటి. కన్నడానికీ ఇదే కథ. యూనికోడ్ పట్టికలో తెలుగు గది పక్కనే కన్నడ గది ఉంది, అదీ మూడు బైట్లదే.

వర్డ్‌ప్రెస్ ఒక శీర్షికకు ఇచ్చేది 200 స్థానాలు మాత్రమే. ఆ రాత్రి మా శీర్షిక "వాన కారణంగా రేపు బడికి సెలవు". పిల్లలూ, పెన్సిలు తీయండి. 'వాన' మూడు గుర్తులు, 'కారణంగా' ఏడు, 'రేపు' నాలుగు, 'బడికి' ఐదు, 'సెలవు' ఐదు. మొత్తం 24. తొమ్మిదితో గుణిస్తే 216, పదాల మధ్య నాలుగు అడ్డగీతలు కలిపితే 220. హద్దు దాటింది కాబట్టి చివర కత్తెర పడింది. ఎక్కడ పడిందో మీరే లెక్కేసి చూడండి, 'సె' దగ్గర ఆగిపోతుంది. 'సెలవు' అన్న మాటే చిరునామాలోంచి ఎగిరిపోయింది. లింకు నొక్కితే పేజీ తెరుచుకునేదే, కానీ ఆ ఆకారం చూసి నొక్కేదెవరు?

ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు చాలామంది చేసే మొదటి పని ప్లగిన్ వెతకడం. ప్లగిన్ అంటే అసలు సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే అదనపు ముక్క. మిక్సీని గుర్తు చేసుకోండి. కింద మోటారు ఒకటే. చిన్న జారు పెడితే పచ్చడి, పెద్ద జారు పెడితే దోసెపిండి. వర్డ్‌ప్రెస్‌కు ఈ సౌకర్యం 2004లో వచ్చింది. ఇప్పుడు దాని అధికారిక జాబితాలోనే యాభై వేలకు పైగా ఉచిత ప్లగిన్లు ఉన్నాయి. జూమ్లాలో వీటిని ఎక్స్‌టెన్షన్లు అంటారు, ద్రూపల్‌లో మాడ్యూళ్ళు అంటారు. తెలుగు వికీపీడియాలో ఇంగ్లీషు కీబోర్డుతోనే తెలుగు టైపు చేయగలుగుతున్నారంటే, అదీ ఇలా తగిలించిన ఎక్స్‌టెన్షన్ పుణ్యమే.

శీర్షికను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చిపెట్టే ప్లగిన్లూ ఉన్నాయి. ఒకటి పెట్టబోయాం కూడా. అంతలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, "సార్, ఎడిట్ పేజీలో చిరునామాకు వేరే పెట్టె ఉంది కదా, అక్కడ మనమే పొట్టిగా టైపు చేస్తే సరిపోదా?" అంది. సరిపోతుంది! ఏళ్ళుగా ఆ పెట్టె మా కళ్ళ ముందే ఉంది. చిరునామా మార్చితే పాత లింకు నొక్కినవాళ్ళను కొత్త పేజీకి తీసుకెళ్ళే పని కూడా వర్డ్‌ప్రెస్ తనే చేస్తుంది, దానికీ ప్లగిన్ అక్కర్లేదు. అందుకే ఇప్పుడు ఏదైనా తగిలించే ముందు, ఉన్న సెట్టింగుల్లోనే ఆ పని అవుతుందా అని చూస్తున్నాం.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, మిక్సీ పోలిక ఒక చోట ఆగిపోతుంది. జారుకు మీ బీరువా తాళంతో పనిలేదు. ప్లగిన్ అలా కాదు. ఒకసారి లోపలికి వచ్చాక అసలు సాఫ్ట్‌వేర్‌కు ఉన్న అధికారమంతా దానికీ ఉంటుంది. డేటాబేసు చదవగలదు, పేజీలు మార్చగలదు. అడ్మిషన్ ఫారంలో మీరు రాసిన ఫోను నంబరు, పిల్లల పుట్టిన తేదీ ఆ డేటాబేసులోనే ఉంటే, వాటినీ చూడగలదు.

ఇవేవీ ఊహించి చెబుతున్న భయాలు కావు. 'డిస్‌ప్లే విడ్జెట్స్' అనే ప్లగిన్ సుమారు రెండు లక్షల సైట్లలో ఉండేది. మంచి పేరున్నదే. రాసినాయన దాన్ని అమ్మేశాడు. కొన్నవాళ్ళు 2017లో అప్‌డేట్ పేరుతో దొంగ కోడు దూర్చి, ఆ సైట్లలో ప్రకటనల పేజీలు పుట్టించారు. లాగిన్ అయి ఉన్నవాళ్ళకు ఆ పేజీలు కనబడకుండా చేశారు కాబట్టి సైటు యజమానులకు తెలియనే లేదు. 2020 సెప్టెంబరులో ఇంకొకటి. 'డబ్ల్యూపీ ఫైల్ మేనేజర్'ను ఏడు లక్షలకు పైగా సైట్లు వాడుతుండగా, పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా సైటులోకి ఫైలు ఎక్కించగల కన్నం అందులో బయటపడింది. తయారుచేసినవాళ్ళు వెంటనే సరిచేశారు. అప్‌డేట్ చేసుకున్నవాళ్ళు బయటపడ్డారు, చేసుకోని సైట్లు దాడులకు తెరిచినట్టే ఉండిపోయాయి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది 2018 ఫిబ్రవరి నాటి సంగతి. చూపు సరిగా లేనివాళ్ళకూ చదవడం కష్టమైనవాళ్ళకూ పేజీని పైకి చదివి వినిపించే 'బ్రౌజ్‌అలౌడ్' అనే మంచి పనిముట్టు ఉండేది. దాని ఫైలును ఎవరో మార్చేశారు. దాన్ని తగిలించుకున్న నాలుగు వేలకు పైగా సైట్లు, చూడటానికి వచ్చినవాళ్ళ కంప్యూటర్లతో కొన్ని గంటలపాటు క్రిప్టో కరెన్సీ తవ్వించాయి. ఆ సైట్లలో బ్రిటన్‌లో వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే కార్యాలయం సైటు కూడా ఒకటి.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. చట్టం మాట అటుంచినా, పిల్లల వివరాలు మా చేతికి ఇచ్చింది మీరు. అందుకే అడ్మిషన్ ఫారాన్ని సైటు నుంచి తీసేశాం. ఆఫీసులో కాగితం మీదే నింపండి. ఇబ్బందేనని తెలుసు, ఆఫీసుకు రావడానికి ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో కూడా తెలుసు.

ఇంకా ఏమేం తీశామంటే: సందర్శకుల లెక్క చూపే డబ్బా, మొదటి పేజీలో గిరగిరా తిరిగే ఫొటోలు, ఉగాదికి పేజీ అంతా పూలు రాల్చే ప్లగిన్. పూలు పోయాయని ఐదో తరగతి పిల్లలు అలిగారు. కానీ ఆ పూల కోసం మీ మొబైల్ డేటా ఖర్చయ్యేది, తక్కువ సిగ్నల్ ఉన్నచోట నోటీసు తెరుచుకోవడానికి ఆలస్యమయ్యేది. తీసేయడమంటే ఆపి ఉంచడం కాదు, పూర్తిగా తొలగించడం. ఆపి ఉంచిన ప్లగిన్ ఫైళ్ళు సర్వరులోనే ఉంటాయి, వాటిలో కన్నం ఉంటే దొంగకు అదే దారి.

ఉంచినవి కొన్నే. రోజూ సైటు నకలు తీసి వేరేచోట దాచేది ఒకటి. పిల్లల ఫొటోల సైజు తగ్గించేది ఒకటి. ఒకే నోటీసును తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడింటిలో జత చేసి చూపేది ఒకటి. ఇది అనువాదం చేయదు, చేసిన అనువాదాన్ని సరైన చోట పెడుతుంది, అంతే. యంత్రంతో అనువాదం చేయించే ప్లగిన్ వద్దనుకున్నాం. 'సెలవు' అంటే హాలిడేనా, లీవా, వెళ్ళొస్తానని చెప్పడమా అన్నది సందర్భాన్ని బట్టి మనకు తెలుస్తుంది, యంత్రం పొరబడితే పిల్లలు మళ్ళీ గేటు ముందే. కన్నడ ప్రతిని మా కన్నడ టీచరుగారే రాస్తున్నారు.

తెలుగు అక్షరాల కోసం విడిగా ప్లగిన్ ఉండేది, అదీ పోయింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 6.5 వెర్షన్ నుంచి ఫాంట్లు పెట్టుకునే సౌకర్యం వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది. ఉచితంగా దొరికే మండలి ఫాంటును మన సర్వరులోనే పెట్టాం. ఏ మార్పు చేసినా 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్ఞానం' అని రాసి ఒత్తులు సరిగా పడుతున్నాయో లేదో పాత ఫోనులో చూస్తున్నాం.

పెద్ద పిల్లలు సొంతంగా సైట్లు చేస్తున్నారని విన్నాను. ప్లగిన్ పేజీలో నక్షత్రాల కంటే ముందు, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూడండి. గత మూడు పెద్ద వెర్షన్లతో పరీక్షించకపోతే వర్డ్‌ప్రెస్ జాబితా పైనే హెచ్చరిక చూపిస్తుంది. డబ్బుకు అమ్మే ప్లగిన్ ఎక్కడో ఊరికే దొరికితే అసలే ముట్టుకోవద్దు. చాలా ప్లగిన్లకు తెలుగు అనువాదం సగంలోనే ఉంది, దాన్ని ఎవరైనా పూర్తి చేయొచ్చు. ఆసక్తి ఉంటే కంప్యూటర్ ల్యాబులో నన్ను కలవండి.

ఇకమీదట మా నోటీసు లింకులో బడి సైటు పేరు, దాని వెనక రెండు మూడు చిన్న ఇంగ్లీషు మాటలు మాత్రమే ఉంటాయి. సంగతి ఏమిటో మెసేజీలోనే తెలుగులో రాస్తాం, తొందరలో ఉన్నవాళ్ళు లింకు తెరవకపోయినా ఫరవాలేదు. మా పేరుతో శాతం గుర్తుల లింకు వస్తే నొక్కకండి, ఆఫీసుకు ఒక ఫోను చేయండి.