కిలిమంజారో పెరట్లో

కిలిమంజారో అనగానే గుర్తొచ్చేది 5,895 మీటర్ల శిఖరం, దాని నెత్తిన తెల్లటి మంచు. ఆ మంచుకు రోజులు దగ్గరపడ్డాయి. 1912లో కొండను కప్పిన హిమంలో దాదాపు 85 శాతం 2007 నాటికే మాయమైంది. మిగిలింది 2050 కల్లా ఉండదని యునెస్కో 2022లో హెచ్చరించింది. అది పోకముందే చూడాలని టాంజానియాకు పరుగులు తీసే పర్యాటకులకు కొదవ లేదు. వారిలో చాలామంది ట్రెక్కింగ్ గేటుకు వెళ్లే హడావిడిలో కొండ పాదాన్ని జీపు కిటికీలోంచి చూసి సరిపెట్టుకుంటారు. చూడాల్సింది అక్కడే ఉంది.

మోషీ పట్టణం నుంచి పైకి వెళ్తే చగ్గా తెగవారి ఊళ్లు వస్తాయి. మటెరూని, మరాంగు లాంటి చోట్ల స్థానిక యువకులే గైడ్లుగా ఉండి సందర్శకులను ఊళ్లు, తోటలు, జలపాతాల మీదుగా నడిపిస్తారు. టాంజానియాలో ఈ తరహా సాంస్కృతిక పర్యటనలు 1990ల మధ్యలో డచ్ సంస్థ ఎస్ఎన్‌వీ తోడ్పాటుతో మొదలయ్యాయి. శిఖరం ఎక్కడానికయ్యే ఖర్చుతో పోలిస్తే వీటికయ్యేది స్వల్పం. ఆయాసమూ తక్కువే.

ఊరు ఎక్కడని వెతికితే కనిపించేది అరటి తోపు. ఇళ్లన్నీ దాని లోపలే ఉంటాయి. ఒక్కో కుటుంబానికి ఒక్కో తోట, పేరు కిహంబ. అగ్నిపర్వతపు బూడిద నుంచి పుట్టిన సారవంతమైన నేల అది. పైన సిల్వర్ ఓక్ లాంటి పెద్ద చెట్లు, మధ్యన అరటి, ఆ నీడన కాఫీ, కింద చేమదుంప, చిక్కుళ్లు. అరకు కాఫీ తోటలు చూసినవారికి సిల్వర్ ఓక్ పాత పరిచయమే. పశువులు కొట్టంలోనే ఉంటాయి. గడ్డి వాటి దగ్గరికి వస్తుంది, పేడ అరటి మొదళ్లకు పోతుంది. తోటల మధ్య హద్దుగా మసాలె అనే మొక్కను నాటుతారు. గొడవపడినవారు రాజీ కోరుతూ దాని ఆకునే అవతలివారి ఇంటికి పట్టుకెళ్లడం చగ్గాల ఆచారం.

నడుస్తుంటే కాలి పక్కన మూరెడు వెడల్పు పిల్లకాలువలు తగులుతూనే ఉంటాయి. వీటిని మ్‌ఫోంగో అంటారు. వందల ఏళ్లుగా చగ్గాలు వాగులకు అడ్డుకట్ట వేసి, కొండవాలు వెంట మైళ్ల దూరం నీళ్లు మళ్లించుకున్నారు. ఎవరి వంతు ఎప్పుడో ఊరి పెద్దలే తేలుస్తారు, పూడిక తీతకు అందరూ రావాలి. మన చెరువుల కింద నీరుగంటి వ్యవస్థను ఎరిగినవారికి ఇదంతా సులువుగానే అర్థమవుతుంది.

ఈ నీళ్లు శిఖరం మీది మంచువేనని చాలామంది అనుకుంటారు. ఆ వాటా అత్యల్పమని పర్యావరణ శాస్త్రవేత్త ఆండ్రియాస్ హెంప్ లాంటివారి పరిశోధనలు తేల్చాయి. వాగులను నింపేది తోటల పైన మొదలయ్యే అడవి. అక్కడ కురిసే వాన, చెట్ల నాచు ఒడిసిపట్టే పొగమంచు కిందికి నీళ్లవుతాయి. మంచు కరిగితే ఫోటోలు పోతాయి, అడవి కాలితే కాలువలు ఎండిపోతాయి. కానీ ప్రపంచం కన్నీరు పెట్టేది మంచు కోసమే. 2005లో ఈ అడవిని నేషనల్ పార్క్‌లో కలిపారు. రక్షణ పెరిగిన మాట నిజం. కట్టెలకూ గడ్డికీ దాని మీద ఆధారపడిన పల్లెలకు మాత్రం ఆంక్షలు బిగిశాయి.

నడక మధ్యలో ఒక పెరట్లో కాఫీ గింజలను రోట్లో దంచి, కట్టెల పొయ్యి మీద వేయించి, అక్కడికక్కడే కాచి ఇస్తారు. పాటలూ చప్పట్లూ పర్యాటకుల కోసమే అయినా కాఫీ అసలైనది. దాని చరిత్ర అంత తియ్యగా లేదు. ఇక్కడి రైతులు 1933లోనే సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కింద ఉన్న కోటాలు కుప్పకూలాక ధర పడిపోయింది. దీనికి తోడు కొడుకులకు పంచగా పంచగా తోటలు చిన్నవైపోయాయి. 1984లో వెలువడిన అధ్యయనం ప్రకారమే సగటు కిహంబ 0.68 హెక్టార్లు, అంటే రెండెకరాలు కూడా కాదు. యువత మోషీకీ, దారెస్సలామ్‌కీ వెళ్లిపోతోంది. ఉన్న ఊళ్లోనే నాలుగు డబ్బులు చూపించే పనుల్లో ఈ గైడు ఉద్యోగం ఒకటి.

కాఫీ వద్దనుకుంటే ఎంబెగె ఉంది. అరటిపండు, రాగి మొలకలతో పులియబెట్టే పానీయం. రాగి తూర్పు ఆఫ్రికా కొండల నుంచే మన వైపు వచ్చిన పంట కాబట్టి, సంకటి తిని పెరిగినవారికి ఆ వాసన మరీ కొత్తగా అనిపించదు.

మార్చి నుంచి మే దాకా భారీ వర్షాలు, దారులు జారుతాయి. జులై-సెప్టెంబర్ మేలు. తోటలకు తడి కావాల్సిన పొడి నెలలు కాబట్టి, కాలువలు పనిలో ఉండగా కనిపించేదీ అప్పుడే.